ఆతంకమునకు సమాజము చెప్పు ప్రత్యుత్తరము

తెలుగున మనము ‘ఉగ్రవాదము’ అని వ్యవహరించుదానిని హిందీ పత్రికలు ఎక్కువగా ‘ఆతంక్‌వాద్’ అని వ్రాయును. రెండు మాటలును సంస్కృతమునుండి వచ్చినవే; కాని అవి చూచు వైపు వేరు. ఉగ్రుడనగా భయంకరుడు, కోపించినవాడు. మన మాట దెబ్బ కొట్టినవాని స్వభావమును చెప్పుచున్నది. ఆతంకమనగా భయము, రోగము, సంతాపము. హిందీ మాట దెబ్బ తిన్నవాని మనఃస్థితిని చెప్పుచున్నది. ఒక భాషనుండి మరియొక భాషకు వాక్యములను మార్చువానికి ఈ భేదము మాటిమాటికి తగులుచుండును. అది నిఘంటువులతో తీరిపోవు భేదము కాదు.

దాడి చేయువాడు చంపునది కొందరిని. గురి పెట్టునది మిగిలినవారిని. చనిపోయినవానికి ఇక భయము లేదు. భయపడవలసినవారు బ్రతికియున్నవారే. కనుక ఒక దాడి చరిత్ర మృతుల లెక్కతో ముగియదు. తరువాతి వారములలో, సంవత్సరములలో బ్రతికినవారు ఎవరిని దోషులనిరి, ఎవరి చేతికి ఆయుధమిచ్చిరి, ఎవరి ఇంటికి నిప్పు పెట్టిరి అనునది కూడ ఆ చరిత్రలో భాగమే. దాడి చేసినవాడు మొదలుపెట్టిన పనిని ముందుకు సాగించుటయో, అక్కడితో ఆపివేయుటయో చాలవరకు బ్రతికినవారి చేతిలోనే యుండును.

ఈ విషయమును పరిశీలించుటకు ఛత్తీస్‌గఢ్ తగిన స్థలము. ఆ రాష్ట్రమున భిలాయి ఉక్కు నగరము, దాని ఇనుప గనులు ఒక రకమైన ప్రత్యుత్తరమును చూచినవి. అక్కడికి దక్షిణమున బస్తరు అడవులు మరియొక రకమైన ప్రత్యుత్తరమును చూచినవి. రెండుచోట్లను తెలుగువారికి సంబంధము కలదు.

భిలాయి పుట్టుక అందరికి తెలిసినదే. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కర్మాగారపు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. దుర్గ్ జిల్లా పల్లెల నడుమ లేచిన ఆ నగరమునకు ఆంధ్రము, ఒరిస్సా, బెంగాలు, పంజాబు, కేరళ, బిహారు ప్రాంతములనుండి పనివారు వచ్చి చేరిరి. ఖుర్సీపార్ వంటి పేటలలో తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడినవి. సెక్టర్లలోని క్వార్టర్లలో గోడకు ఇటువైపు ఒక భాష, అటువైపు మరియొక భాష వినబడెను. ఇట్టి ఊరిలో ఒక జాతిపైనో ఒక మతముపైనో అనుమానము పుట్టినచో, అది ఎక్కడనో దూరముననున్నవారిపై పుట్టినది కాదు. గోడ అవతలి ఇంటిపై పుట్టినదే.

ఉక్కు నగరమునకు కావలసిన ఇనుప రాయి దక్షిణమున సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న దల్లీ రాజ్‌హరా గనులనుండి వచ్చెడిది. ఆ గనులలో రాయి కొట్టువారు కాంట్రాక్టు కూలీలు. వారిలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండి వచ్చిన ఆదివాసులు, పేద రైతులు. 1977లో వారు శంకర్ గుహా నియోగీ నాయకత్వమున తమ సంఘమును స్థాపించుకొనిరి. నియోగీ బెంగాలీ. యౌవనమున భిలాయి కర్మాగారమునందే పనిచేసి ఉద్యోగము పోగొట్టుకొనినవాడు; అత్యవసర పరిస్థితి కాలమున జైలులో నుండినవాడు. ఆ సంవత్సరమే జూన్ మొదటి వారమున పోలీసులు ఆయనను పట్టుకొనిపోగా కూలీలు అడ్డగించిరి. కాల్పులలో 11మంది మరణించిరి. వారిలో అనసూయాబాయి అను కార్మిక స్త్రీయు ఉండెను.

ఆ మరణములకు గని కార్మికులు చెప్పిన ప్రత్యుత్తరము నేటికిని ఆ ఊరిలో నిలిచియున్నది. తమ కూలిలోనుండి చందాలు తీసి, తమ చేతులతో ఇటుకలు మోసి, వారు ఒక ఆసుపత్రిని కట్టుకొనిరి. 1983 జూన్ 3న అది ప్రారంభమయ్యెను. దాని పేరు శహీద్ ఆసుపత్రి. కాల్పులలో పోయినవారి స్మారకము శిలాఫలకముగా కాక ప్రసూతి గదిగా, ఔషధశాలగా ఏర్పడెను. ఆ సంఘమే మద్యపానమునకు విరుద్ధముగా ఉద్యమము నడిపెను, పాఠశాలలు పెట్టెను. నియోగీ దీనిని రెండు మాటలలో చెప్పెడివాడు: సంఘర్షణ, నిర్మాణము. రెండవది లేని మొదటిది ప్రతీకారముగా మారిపోవునని ఆయన అనుచరులు నేర్చుకొనిరి.

1990 నాటికి ఆ ఉద్యమము గనులనుండి భిలాయి చుట్టుపట్లనున్న ప్రైవేటు పరిశ్రమలకు వ్యాపించెను. జీవనమునకు సరిపడు వేతనము, ఉద్యోగపు స్థిరత, తొలగింపబడినవారిని తిరిగి చేర్చుకొనుట వారి కోరికలు. 1991 సెప్టెంబరులో నియోగీ కార్మికులను వెంటబెట్టుకొని ఢిల్లీకి పోయి రాష్ట్రపతికి విన్నపము సమర్పించెను. తన ప్రాణమునకు అపాయము కలదని ఎరిగి, తన మాటలను టేపుమీద పలికి యుంచెను. సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలో తన ఇంట నిద్రించుచుండగా కిటికీనుండి తుపాకి ప్రేలెను. ఆయనకప్పుడు 48 ఏండ్లు.

దీనిని ప్రభుత్వ పత్రములు ఉగ్రవాద చర్య అనలేదు. హత్య అని వ్రాసెను. చట్టము దృష్టిలో అది సరియే కావచ్చును. కాని ఆతంకము అను మాటకు ఉన్న అర్థమునుబట్టి చూచినచో, ఒక్కనిని చంపి వేలమంది గుండెలలో బెదురు పుట్టించు పని అది. రేపు గేటువద్ద నిలుచుటకు ఎవడు సాహసించును? ఆ తుపాకి కార్మికులనడిగిన ప్రశ్న ఇదే.

వారి ప్రత్యుత్తరమును జ్ఞాపకముంచుకొనవలెను. నాయకుని దేహమును ఎరుపు, ఆకుపచ్చ రంగుల సంఘపతాకమున చుట్టి దల్లీ రాజ్‌హరాకు తీసికొనిపోయిరి. లెక్కకు మించిన జనము వెంట నడిచెను. ఆ యాత్ర శాంతముగా సాగెను. కోపము లేకపోవుట చేత కాదు. కోపమునకు నడిచెడి త్రోవ ముందే ఉండుట చేత. పదునాలుగేండ్లుగా సమావేశములలో కూర్చుండి, చందాలు లెక్కించి, ఆసుపత్రి నడిపి, సారా మానిన జనము అది. దుఃఖము వచ్చిన దినముననే క్రమశిక్షణ పుట్టదు. అది అంతకుముందు సంవత్సరములలో దాచిపెట్టుకొనిన ధాన్యము వంటిది. వారడిగినది ఒక్కటి: దర్యాప్తు జరుగవలెను, దోషి యెవరో పేరు పెట్టి తేలవలెను. కేసు కేంద్ర దర్యాప్తు సంస్థకు పోయెను.

అయితే ఈ కథను ఇక్కడ ఆపి, ఓర్పునకు ఫలము లభించినదని చెప్పుట న్యాయము కాదు. 1992 జులై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషనువద్ద కార్మికులు రైలు పట్టాలపై కూర్చుండగా పోలీసులు కాల్చిరి. పదిహేనుమందికి పైగా కార్మికులు మరణించిరి. హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్సు న్యాయస్థానము హంతకునితోపాటు కొందరు పారిశ్రామికులను కూడ దోషులని శిక్షించెను. 1998లో ఉన్నత న్యాయస్థానము అందరిని విడిచిపెట్టెను. 2005 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము తుపాకి కాల్చినవానికి యావజ్జీవ శిక్ష విధించి, ఇతరుల విడుదలను స్థిరపరచెను. హంతకుని చేయి రుజువయ్యెను. ఆ చేయిని నడిపిన తల ఎవరిదో న్యాయస్థానమున రుజువు కాలేదు. నియోగీ అనుచరులకు ఆ తీర్పు తృప్తి నీయలేదు. కాని వారు దానిని తుపాకితో దిద్దబూనలేదు.

ఓర్పు వహించినవారికి రాజ్యము న్యాయము చేయనిచో, రేపు మరియొకచోట ఓర్పు వహింపుమని చెప్పువాని మాట ఎవరు విందురు? ఈ ప్రశ్న బరువైనది. దీనికి జవాబు కావలెనన్నచో, ఓర్పును విడిచిన చోట ఏమి జరిగినదో చూడవలెను.

దల్లీ రాజ్‌హరానుండి ఇంకను దక్షిణమునకు పోయినచో బస్తరు వచ్చును. గోదావరికి ఇవతలినుండి పీపుల్స్‌వార్ దళములు 1980లో ఆ అడవులలో ప్రవేశించెను. ఆ దళములను నడిపినవారిలో తెలుగువారు పెక్కుమంది. 2025 మే 21న అక్కడి అడవులలో కాల్పులలో మరణించిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాడే. కావున బస్తరు రక్తపాతమును తెలుగు పాఠకుడు పరాయి కథగా చదువ వీలు లేదు.

2005 జూన్‌లో ఆ అడవులలో సల్వా జుడుం ఆరంభమయ్యెను. మావోయిస్టులపై ప్రజలు తామై లేచిన శాంతి ఉద్యమమని ప్రభుత్వము దానిని వర్ణించెను. అధికార పక్షమైన భారతీయ జనతాపార్టీ, ప్రతిపక్ష నాయకుడు మహేంద్ర కర్మా ఇద్దరును దానిని పోషించిరి. మావోయిస్టుల బెదిరింపులు, హత్యలు అబద్ధములు కావు. వానిపై గ్రామస్థులకు కోపముండుట వింత కాదు. వింతయైనది ఆ కోపమునకు ఇచ్చిన రూపము. వందలకొలది గ్రామములు ఖాళీ అయ్యెను. శిబిరమునకు వచ్చినవాడు మనవాడు, అడవిలో మిగిలినవాడు శత్రువు అను లెక్క ఏర్పడెను. చదువు అంతంతమాత్రముగానున్న ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, నెలకు 3,000 రూపాయల భత్యమిచ్చి, తుపాకులిచ్చి, తమ ఊరివారిపైకే పంపిరి.

దెబ్బకు దెబ్బ వచ్చెను. 2006 జులై 17 రాత్రి మావోయిస్టులు ఎర్రబోరు శిబిరముపై పడి 30మందికి పైగా నిరాయుధులను చంపిరి. మృతులలో పసిపిల్లలును ఉండిరి. ఏ సిద్ధాంతమును ఈ పనిని కడుగజాలదు. 2007 మార్చి 15న రాణీబోద్లి స్థావరముపై దాడిలో 55మంది పోలీసులు మరణించిరి. వారిలో ఎక్కువమంది ప్రత్యేక పోలీసు అధికారులైన స్థానిక యువకులే. ప్రజలను కాపాడుటకని చేతికిచ్చిన తుపాకి, వారినే మొదటి గురిగా చేసెను.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76మంది జవాన్లు ఒక్క ఉదయమున చనిపోయిరి. దేశమంతయు కంపించెను. వైమానిక దళమును దింపవలెనను వాదము పత్రికలలో వినబడెను. కేంద్ర హోంమంత్రి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేయ సిద్ధపడగా ప్రధానమంత్రి అంగీకరింపలేదు. ఆ జవాన్లు పేద కుటుంబముల బిడ్డలు. వారికొరకు ఏడ్చిన దేశము న్యాయముగనే ఏడ్చెను. కాని మరుసటి సంవత్సరము మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామములలో సుమారు 250 ఇండ్లు కాలిపోయెను. సహాయ సామగ్రితో బయలుదేరిన స్వామి అగ్నివేశ్ బృందమును దోర్నపాల్‌వద్ద అడ్డగించి కొట్టిరి. సర్వోన్నత న్యాయస్థానపు ఆజ్ఞపై విచారించిన కేంద్ర దర్యాప్తు సంస్థ 2016లో ప్రత్యేక పోలీసు అధికారులపై అభియోగపత్రము దాఖలు చేసెను. కాలిన ఇండ్లలోనివారు 76మందిని చంపినవారని ఎవరును రుజువు చేయలేదు. చంపినవారు దొరకలేదు, దొరికినవారి ఇండ్లు కాలెను.

2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌వద్ద మరల 25మంది జవాన్లు హతులైరి. చుట్టుపట్ల గ్రామములనుండి 100మందికి పైగా ఆదివాసులను పట్టుకొని, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టము క్రింద జైలులో పెట్టిరి. 2022 జులైలో న్యాయస్థానము 121మందిని నిర్దోషులని విడిచిపెట్టెను. ఐదేండ్లు గడచిపోయెను. వారి పంటలు, పిల్లల చదువులు ఆ ఐదేండ్లలో ఏమైనవో వేరుగ చెప్పనక్కరలేదు. అంతకంటె తలచుకొనవలసినది ఇది: 121మంది నిర్దోషులైనచో, ఆ 25మంది జవాన్ల కుటుంబములకు కూడ న్యాయము దొరకలేదు. నిర్దోషిని పట్టుకొనుట దోషిని విడుచుటయే.

బస్తరును విడిచి వేలకొలది కుటుంబములు గోదావరి దాటి ఖమ్మం అడవులకు వచ్చెను. మనము వారిని గుత్తికోయలందుము. ఏ రేషను పుస్తకములోను పేరు లేక, పోడు కొట్టుకొని, అటవీ సిబ్బంది తరిమినచో మరియొకచోట గుడిసె వేసికొని వారు బ్రతికిరి. రెండు తుపాకుల నడుమ ఏ తుపాకియు పట్టనొల్లని జనము వారు.

2011 జులై 5న సర్వోన్నత న్యాయస్థానము నందినీ సుందర్ తదితరులు వేసిన పిటిషనుపై తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున జస్టిస్ నిజ్జర్‌తో కూడ కూర్చున్నవారు తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఆనాటికి ప్రత్యేక పోలీసు అధికారుల సంఖ్య సుమారు 6,500. వారిని ఉగ్రవాదులను ఎదుర్కొనుటకు వినియోగించుట రాజ్యాంగపు 14వ, 21వ అధికరణములకు విరుద్ధమని, తుపాకులను వెనుకకు తీసికొనవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. కొలది నెలలలోనే రాష్ట్ర ప్రభుత్వము క్రొత్త చట్టము చేసి వారిని సహాయక సాయుధ దళమున చేర్చుకొనెను. 2013 మే 25న జీరమ్ లోయలో మావోయిస్టులు కాంగ్రెసు నాయకుల యాత్రపై పడి మహేంద్ర కర్మాను, నందకుమార్ పటేలును, మరి పలువురిని చంపిరి. ప్రతీకారము మొదలుపెట్టినవానివద్దనే ఆగునన్న నమ్మకము లేదు. అది అతనికి తిరిగి వచ్చుట తరచుగా జరుగును.

ఇది అడవి కథ మాత్రమే యని నగరవాసి ఊరడిల్లనక్కరలేదు. 2007 మే 18 శుక్రవారము హైదరాబాదు మక్కా మసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు చనిపోయిరి; అటుపిమ్మట పోలీసు కాల్పులలో ఐదుగురు. వెంటనే ముస్లిం యువకులు పెక్కుమందిని పట్టుకొనిరి. ప్రార్థనకు పోయినవారు మరణించిన దాడికి ఆ మతము యువకులే అనుమానితులైరి. న్యాయస్థానములలో వారిపై నేరము నిలువలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొందరికి పరిహారము కూడ ఇచ్చెను. తరువాత వేరొక వర్గమునకు చెందినవారిపై కేసు నడిచెను. 2018 ఏప్రిల్ 16న వారును నిర్దోషులుగ విడుదలైరి. ఎవరు చంపిరి అను ప్రశ్నకు న్యాయస్థానములనుండి జవాబు రాలేదు. మొదటి వారమున తొందరపడి వేసిన అడుగు తరువాతి సంవత్సరముల జాడలను చెరిపివేయును.

ఇప్పుడు పైని విడిచిన ప్రశ్నకు రావచ్చును. భిలాయి కార్మికులు చట్టము త్రోవను పోయి పూర్తి న్యాయము పొందలేదు. బస్తరు ప్రతీకారపు త్రోవను పోయి న్యాయమును పొందలేదు, గ్రామములను కూడ పోగొట్టుకొనెను. భిలాయి, రాజ్‌హరాలలో సంఘము మిగిలెను, ఆసుపత్రి మిగిలెను, ఇరుగుపొరుగు మిగిలెను. బస్తరులో ఒకే తెగవారు రెండు పక్షములై, ఒకరి ఊరిలోనికి ఒకరు పోలేనివారైరి. ఓర్పు న్యాయమును తెచ్చిపెట్టునని చరిత్ర హామీ ఇచ్చుట లేదు. న్యాయమడుగుటకు మనుష్యులను మిగుల్చునని మాత్రము చెప్పుచున్నది. అది చిన్న లాభము కాదు.

కనుక దాడి జరిగిన దినమున సమాజము చేయవలసిన పనులు కొన్ని స్పష్టముగ కనబడుచున్నవి. మొదటిది, మృతులందరికొరకు ఏడ్చుట. జవానుకొరకు ఏడ్చువాడు కాలిన గుడిసెను చూడననుట, గుడిసెకొరకు ఏడ్చువాడు జవాను భార్యను మరచుట, రెండును సగము దుఃఖములే. సగము దుఃఖము త్వరగా పగగా మారును. రెండవది, నేరమును మనిషికి అంటగట్టుట, జాతికి గాని మతమునకు గాని గ్రామమునకు గాని అంటగట్టకుండుట. పట్టుబడినవాడు ఫలానా పని చేసెనా అని అడుగవలెను గాని, ఫలానావారివాడా అని అడుగరాదు. మూడవది, తుపాకిని దుఃఖములోనున్నవాని చేతికీయకుండుట. సాయుధ రక్షణ రాజ్యము బాధ్యత. దానిని కూలిపిల్లలకు నెలభత్యముపై అప్పగించుట రాజ్యము తన బాధ్యతనుండి తప్పుకొనుటయే.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది, ఎవరును పొగడనిది. అది దాడికి ముందు చేయవలసిన పని. ఇరుగుపొరుగు కలిసి నడిపెడి సంఘము, పాఠశాల, వైద్యశాల, చందా పుస్తకము ఉన్నచోట వదంతి ఇంటింటికి వచ్చునప్పటికి దానిని అడిగి తెలిసికొనుటకు ఎవరో ఒకరు ఉందురు. అవి లేనిచోట వదంతియే నాయకత్వము వహించును. ఉక్కు నగరములో పెక్కు భాషలవారు దశాబ్దములుగా ఒకే షిఫ్టులో దిగి, ఒకే సంతలో కూరలు కొనుచున్నారు. అట్టి సహవాసము దానంతటదియే రక్షణ కాదు. దానిని సంఘముగ, అలవాటుగ మార్చుకొనినప్పుడే రక్షణ యగును.

రాజ్యముపైని బాధ్యత ఇంతకంటె పెద్దది. ఓర్పు వహించినవారికి సకాలమున న్యాయము చేయుట రాజ్యము తీర్పవలసిన ఋణము. నియోగీ కేసు తుది తీర్పునకు పదమూడేండ్లు దాటినవి. బుర్కాపాల్ గ్రామస్థుల విడుదలకు ఐదేండ్లు పట్టెను. మక్కా మసీదు మృతులకు జవాబే దొరకలేదు. ప్రతి ఆలస్యమును తుపాకి పట్టినవాడు తన వాదమునకు సాక్ష్యముగ చూపును. ఆ సాక్ష్యమును అతనికి అందకుండ చేయుట సైన్యములకంటె ఎక్కువగా న్యాయస్థానముల పని, దర్యాప్తు అధికారుల పని, వారిని విసుగక అడుగు పౌరుల పని.